ఆకు అడుగున నూనె జాడ: నూనెలో సమంగా కరిగే ప్రతిదీప్తి రంగుల ఎంపిక

విశాఖపట్నం నగరంలో కలిసిపోయిన గోపాలపట్నంలోనూ, సింహాచలం కొండ పాదాన ఉన్న పరిసర కాలనీలలోనూ పాత పల్లెల గుర్తుగా మిగిలినవి పెరటి కొబ్బరి చెట్లు. తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో 2016లో తొలిసారి గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ కొద్ది కాలంలోనే ఆంధ్ర తీరమంతటా వ్యాపించింది. ఈ పురుగు ఆకు అడుగు భాగాన వలయాలుగా గుడ్లు పెట్టి, తెల్లని మైనపు పొడితో వాటిని కప్పుతుంది. అది విసర్జించే తేనె బంక కింది ఆకుల పైభాగంపై పడి, దానిమీద మసి తెగులు పెరిగి, పచ్చని మట్టలు బొగ్గు పూసినట్లు నల్లబడతాయి. కొబ్బరికి పరిమితం కాకుండా అరటి, జామ వంటి పంటలనూ ఇది ఆశిస్తుంది.

ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే పరాన్నజీవి ఈ పురుగును సహజంగా అదుపు చేస్తుంది కనుక రసాయన పురుగుమందులను వాడవద్దనీ, వేప నూనె, ఐసేరియా శిలీంధ్రం వంటి వాటితోనే సరిపెట్టుకోవాలనీ ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ శిలీంధ్రాన్ని పెంచి రైతులకు అందించే పని చేపట్టింది. వేప నూనెను లీటరు నీటికి 5 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున, కొంత డిటర్జెంట్ పొడితో చిలికి, ఆకు అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయడం సాధారణ పద్ధతి.

ఇందులో కీలకమైన మాట ‘అడుగు భాగం తడిసేలా’ అన్నదే. కొబ్బరి ఆకు రెబ్బ ఇంటి కప్పులా ఈనెకు రెండు వైపులా వాలి ఉంటుంది. తెల్లదోమ కాపురం ఆ కప్పు లోపల. నలభై అడుగుల ఎత్తులోని మట్టలకు నేలమీద నిలబడి పవర్ స్ప్రేయరుతో కొట్టిన మందు ఆ లోపలికి ఎంత చేరిందో కంటికి తెలియదు. పది రోజుల తరువాత పురుగు తగ్గకపోతే ఇంటి యజమాని వేప నూనె పనిచేయదని తీర్మానిస్తాడు; తరువాతి విడత ఘాటైన రసాయనం కొట్టిస్తాడు; దానితో పరాన్నజీవి కూడా పోతుంది. నూనె పనిచేయలేదా, అసలు చేరలేదా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పగల సాధనాలలో ప్రతిదీప్తి రంగు చౌకైనది. అయితే రంగును సరిగా ఎంచుకోకపోతే అది తప్పుడు సాక్ష్యం చెబుతుంది, పైగా నమ్మదగినట్లు కనిపించే ఛాయాచిత్రంతో సహా చెబుతుంది.

రంగు ఎవరి జాడ చెబుతుంది

ఒక తరంగదైర్ఘ్యపు కాంతిని పీల్చుకొని, అంతకంటె పొడవైన తరంగదైర్ఘ్యంలో వెంటనే వెలువరించడమే ప్రతిదీప్తి. 1852లో జార్జి స్టోక్స్ ఈ ధర్మానికి ఆంగ్లంలో పేరు పెట్టాడు. పిచికారీ బొట్ల జాడ తీయడానికి వ్యవసాయ ఇంజనీరింగు పరిశోధకులు 1950ల నుంచీ ఇటువంటి రంగులను వాడుతున్నారు. వారిలో ఎక్కువ మంది పరీక్షించినవి నీటిలో కరిగే మందులు. అందువల్ల ఈ పనికి పేరుపడిన రంగులు కూడా నీటిలో కరిగేవే: ఫ్లోరెసీన్ సోడియం లవణం, పైరనీన్, బ్రిలియంట్ సల్ఫోఫ్లేవిన్.

వేప నూనె పిచికారీ సంగతి వేరు. అది నీటిలో నూనె బిందువులు తేలుతున్న ఎమల్షన్. ఆ ట్యాంకులో ఫ్లోరెసీన్ లవణం వేస్తే అది నీటిలో కరుగుతుంది, నూనెలోకి ప్రవేశించదు. మైనపు పూత ఉన్న కొబ్బరి ఆకుమీద నీరు జారి రెబ్బ చివరకు చేరి కారిపోతుంది. నూనె తాకిన చోట అతుక్కుంటుంది. కాబట్టి అతినీలలోహిత దీపం కింద రెబ్బ చివర్లు ఆకుపచ్చగా వెలిగితే పరిశోధకుడు చూస్తున్నది నీరు పోయిన దారి. పురుగును ఊపిరాడకుండా చేసే నూనె ఎక్కడ ఉన్నదో ఆ చిత్రంలో లేదు. పసుపు రంగు నుంచి నీలానికి మారే నీటి సూచక కాగితాలకూ ఇదే పరిమితి. అవి బొట్టు పడిందని చెబుతాయి, బొట్టులో నూనె ఎంతో చెప్పవు.

నూనె జాడ కావాలంటే రంగు నూనెలో నివసించాలి. కేవలం నూనెలో వేస్తే చాలదు. అణువు అణువుగా విడిపోయి, అంతటా ఒకే గాఢతలో ఉండాలి, సర్ఫు కలిపిన నీటితో చిలికినప్పుడు కూడా నూనెను విడిచిపోకూడదు.

కరగడం, కలిసినట్లు కనిపించడం

పిండి నీటిలో కలుస్తుంది, ఉప్పు నీటిలో కరుగుతుంది. ఈ తేడా వంటింట్లో అందరికీ తెలిసినదే గాని ప్రయోగశాలలో ఎంతో తేలికగా మరుగున పడుతుంది. బజారులో ‘ఫ్లోరోసెంట్ పసుపు’, ‘ఫ్లోరోసెంట్ నారింజ’ పేర్లతో దొరికే పొడులలో అనేకం రంగులు కావు, వర్ణకాలు: రంగును ప్లాస్టిక్ రెసిన్‌లో బంధించి నూరిన రేణువులు. అవి నూనెలో తేలుతాయి, కొంతసేపటికి అడుగుకు దిగుతాయి, ఎప్పటికీ కరగవు. గోడ బొమ్మలకు మంచివే. కొలతకు పనికిరావు.

ఎందుకు పనికిరావో ఒక లెక్క చూస్తే స్పష్టమవుతుంది. 200 మైక్రోమీటర్ల వ్యాసం గల పిచికారీ బొట్టు ఘనపరిమాణం దాదాపు 4.2 నానోలీటర్లు. ఒక శాతం ఎమల్షన్‌లో అందులోని నూనె 42 పికోలీటర్లు. లీటరు నూనెకు ఒక గ్రాము రంగు కరిగి ఉంటే ఆ బొట్టులోని రంగు సుమారు 42 పికోగ్రాములు. ఇప్పుడు అదే రంగులో కరగకుండా మిగిలిన ఒక రేణువును తీసుకోవాలి. దాని వ్యాసం 10 మైక్రోమీటర్లు, సాంద్రత 1.2 అనుకుంటే బరువు సుమారు 630 పికోగ్రాములు. అంటే కంటికి ఆనని ఆ ఒక్క రేణువులో 15 బొట్లకు సరిపడే రంగు ఉన్నది. ఆకును ద్రావణితో కడిగి కొలిచినప్పుడు ఆ రేణువు కరిగి, ఒక్క బొట్టు పడిన చోట పదహారు బొట్లు పడినట్లు అంకె వస్తుంది. దీపం కింద ఫొటో తీసినప్పుడు ఇందుకు విరుద్ధంగా జరగవచ్చు. చాలా రంగులు స్ఫటిక రూపంలో కిక్కిరిసి ఉన్నప్పుడు వెలుగును తమలో తామే అణచివేసుకుంటాయి. అప్పుడు అదే రేణువు మసక చుక్కగా కనిపిస్తుంది. ఒకే లోపం రెండు పద్ధతులలో రెండు ఎదురు దిక్కుల తప్పులను పుట్టిస్తుంది కనుక, ఫొటోకూ కొలతకూ పొంతన లేనప్పుడు మొదట అనుమానించవలసినది రంగు కరిగిందా లేదా అన్నదే.

ఒక రంగు నూనెలో కరగడానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది ధ్రువత. విద్యుత్ స్వభావాన్ని కొలిచే డైఎలక్ట్రిక్ స్థిరాంకం నీటికి సుమారు 80, వృక్ష నూనెలకు 3 చుట్టుపక్కల, ఖనిజ నూనెలకు 2 కంటె కొంచెం ఎక్కువ. సల్ఫోనేట్ వంటి విద్యుదావేశపు గుంపులు ఉన్న అణువు నీటిని కోరుతుంది. హైడ్రోకార్బన్ వలయాలూ తోకలూ ఉన్నది నూనెను కోరుతుంది. వేప నూనెలోని గ్లిజరైడ్లకు ఎస్టర్ బంధాల వల్ల కాస్త ధ్రువత ఉన్నది. అందువల్ల వేప నూనెలో చక్కగా కరిగిన రంగు శుద్ధి చేసిన ఖనిజ నూనెలో అంతే కరుగుతుందని అనుకోరాదు. తరచుగా తక్కువే కరుగుతుంది.

రెండవ షరతును చాలామంది పట్టించుకోరు. అది స్ఫటికపు బిగువు. పెరిలీన్ పూర్తిగా హైడ్రోకార్బనే, ధ్రువత లేదు, నూనెలో హాయిగా కరగాలి. కాని దాని చదునైన అణువులు అప్పడాల దొంతరలా ఒకదానిపై ఒకటి గట్టిగా పేర్చుకొని ఉంటాయి. అది కరిగి ద్రవం కావడానికే 270 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అంత బిగువైన దొంతరను విడదీయడం నూనె శక్తికి మించిన పని. అణువు పక్కలకు బ్యూటైల్ వంటి తోకలు అతికిస్తే దొంతర సరిగా కుదరదు, అప్పుడు నూనె లోపలికి దూరుతుంది. వాహనాల ఇంజను నూనె ఎక్కడ కారుతున్నదో పట్టుకోవడానికి వాడే పసుపు-ఆకుపచ్చ నాఫ్తలిమైడ్ రంగులలో ఇటువంటి బ్యూటైల్ తోకలు ఉండటం కాకతాళీయం కాదు. కాబట్టి ద్రావణీయత పట్టిక దొరకనప్పుడు ద్రవీభవన స్థానం చూడటం మంచి అలవాటు. ధ్రువత ఒకేలా ఉన్న రెండు రంగులలో తక్కువ వేడికి కరిగేదే సాధారణంగా నూనెలోనూ ఎక్కువ కరుగుతుంది.

వేడిచేసి కరిగించడంలో ఒక మోసం ఉన్నది. 60 డిగ్రీల నూనెలో తేటగా కనిపించిన రంగు గది వేడిమికి చల్లారాక గంటల తరువాత, ఒక్కోసారి రోజుల తరువాత, సూదుల్లాంటి స్ఫటికాలుగా విడిపోతుంది. గోపాలపట్నంలో మే నెలలో సిద్ధంచేసిన నూనె సముద్రతీరపు వేడిలో ఏ ఇబ్బందీ చూపకపోవచ్చు. అదే సీసాను డిసెంబరులో పాడేరు, లంబసింగి వైపు ఏజెన్సీ తోటలకు తీసుకుపోతే, రాత్రి చలికి నూనె చిక్కబడి, రంగు అడుగున చేరుతుంది. ఉదయం సీసాను ఊపి వాడితే పైకి ఏ తేడా కనిపించదు. కొలతలన్నీ మాత్రం పాడవుతాయి.

ఆకు స్వయంగా వెలుగుతుంది

రంగు ఎంపికలో ద్రావణీయత సగం. మిగిలిన సగం ఆకు వెలుగుకు దూరంగా ఉండే వర్ణాన్ని వెతకడం. అతినీలలోహిత కాంతి పడితే పత్రహరితం 680 నానోమీటర్ల దగ్గరా, 735 దగ్గరా ఎర్రగా వెలుగుతుంది. ఆకు పైపొరలోని ఫెరూలిక్ ఆమ్లం వంటి ఫినాలు పదార్థాలు 440 చుట్టుపక్కల నీలంగా వెలుగుతాయి. మొక్కల వర్ణకాల రసాయనంపై విశాఖలోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1930, 40 దశకాలలో టి.ఆర్. శేషాద్రి బృందం విస్తృతంగా పనిచేసింది. ఆకు అనేది రంగుల పెట్టె అన్న సంగతి ఈ ఊరికి కొత్తది కాదు.

నీలానికి మరొక అడ్డంకి డిటర్జెంట్ పొడి. బట్టలు తెల్లగా మెరిసేందుకు ఉతికే పొడులలో ఆప్టికల్ బ్రైటెనర్లను కలుపుతారు. ఇవి అతినీలలోహితాన్ని పీల్చి నీలంగా వెలిగే ప్రతిదీప్తి రంగులే, పైగా నీటిలో కరిగేవి. వేప నూనెను ఇటువంటి పొడితో చిలికితే, పరిశోధకుడు ఏ రంగూ వేయకముందే ఆకు మీద నీరు ఎండిన చోటల్లా నీలి మచ్చలు వెలుస్తాయి. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పొడిని ఒకసారి చూస్తే విషయం తేలిపోతుంది. పరీక్షా పిచికారీకి బ్రైటెనర్ లేని ఎమల్సిఫైయర్ వాడటం ఉత్తమం. కుంకుడు రసం కూడా వాడవచ్చు, అయితే దానితో ఎమల్షన్ ఎంతసేపు నిలుస్తుందో ముందు చూసుకోవాలి.

పారిశ్రామిక నగరపు ఆకులమీద ధూళి, నూనె మసి ఉండటం సహజం. ముడి ఖనిజ నూనెలలోని ఆరోమాటిక్ పదార్థాలు అతినీలలోహితం కింద నీలంగా వెలుగుతాయి. తోటలకు వాడే శుద్ధి చేసిన ఖనిజ నూనెలలో అవి దాదాపు తొలగి ఉంటాయి. మసి తెగులు పొర ఇందుకు భిన్నం. అది నల్లగా ఉండి కాంతిని మింగేస్తుంది, దానిమీద పడిన రంగు నిజం కంటె తక్కువగా కనిపిస్తుంది. అందువల్ల ప్రతి పరీక్షలోనూ రంగు కలపని వేప నూనె కొట్టిన ఆకులను, అదే చెట్టు నుంచి, అదే మసితో, పోలిక కోసం తీసుకోవాలి.

నీలం, ఎరుపు రెండూ ఇలా ఆక్రమితమయ్యాక మిగిలేది 500 నుంచి 600 నానోమీటర్ల వరకు ఉన్న ఆకుపచ్చ, పసుపు, నారింజ వర్ణాల కిటికీ.

కిటికీలో ఇమిడే రంగులు

పసుపులోని కర్కుమిన్ మొదట గుర్తుకు వస్తుంది. చౌక, నిరపాయం, ఏజెన్సీ ప్రాంతంలోనే పండుతుంది, నూనెలో కరుగుతుంది, నీలి కాంతికి ఆకుపచ్చ-పసుపుగా వెలుగుతుంది. కాని నూనెలో దాని ద్రావణీయత స్వల్పం; పసుపు పొడిని నూనెలో వేస్తే ఎక్కువ భాగం పిండి, నార మిగులుతాయి, వడకట్టి తీరాలి. ఎండకు త్వరగా వెలిసిపోతుంది. క్షారం తగిలితే ఎర్రబడి విచ్ఛిన్నమవుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది ఈ కారణంతోనే, పసుపు మరక మీద సబ్బు రుద్దితే ఎర్రబడేదీ ఇందుకే. డిటర్జెంట్ నీళ్లు క్షారయుతం కనుక ట్యాంకులోనే కర్కుమిన్ కొంత నశిస్తుంది. రైతులకు, విద్యార్థులకు ఆకు అడుగున మందు పడిందో లేదో సాయంత్రం చూపించే ప్రదర్శనకు ఇది బాగుంటుంది. అంకెలు కావలసిన పరిశోధనకు దీనిని వాడకపోవడం మేలు.

నైల్ రెడ్ కథ ఇందుకు పూర్తిగా భిన్నం. 1985లో గ్రీన్‌స్పాన్, ఆయన సహచరులు దీనిని కణాలలోని కొవ్వు బిందువులను గుర్తించే రంగుగా పరిచయం చేశారు. నీటిలో దాదాపు వెలగదు, నూనెలోకి వెళ్లగానే వెలుగుతుంది. రంగు నూనెలోనే ఉందనడానికి ఇంతకంటె మంచి గుర్తు లేదు. అయితే పరిసరపు ధ్రువతను బట్టి దాని వర్ణం మారుతుంది: తటస్థ కొవ్వులలో పసుపు-బంగారు వర్ణం, ధ్రువత ఉన్న కొవ్వులలో ఎరుపు. ఆకు మైనంలోకి ఇంకినప్పుడు వర్ణం జరిగితే, ఒకే వడపోత గాజుతో కొలిచే పరిశోధకుడు దానిని పరిమాణంలో తేడాగా పొరబడతాడు. ధర కూడా ఎక్కువ. సూక్ష్మదర్శిని కింద కొన్ని రెబ్బలను పరీక్షించడానికి తగినది, చెట్టంతా కొట్టడానికి కాదు. బాడిపి 493/503 వర్ణం ఇంత జరగదు, కాని ధర విషయంలో అదీ ఇంతే.

రోడమిన్ బి గురించి ఒక హెచ్చరిక అవసరం. చవకగా దొరుకుతుంది, నారింజ-ఎరుపుగా గట్టిగా వెలుగుతుంది, అందుకే అనేకులు దీనినే ఎంచుకుంటారు. సాధారణ రోడమిన్ బి లవణం నీటికీ ఆల్కహాలుకూ చెందినది. నూనెకు పనికివచ్చేది దాని క్షార రూపం. ఆ రూపం కూడా నూనెలోని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాల మీద ఆధారపడి రంగు తేలుతుంది. నిల్వ ఉండి ఆమ్లత పెరిగిన వేప నూనెలో ఒకలా, తాజా నూనెలో మరొకలా వెలుగుతుంది. పైగా ఆహారంలో దీనికి అనుమతి లేదు. కొబ్బరి బొండాలు కోసే చెట్టు మీద ఇది పడకూడదు.

మిగిలిన వాటిలో కౌమరిన్ 6, బ్యూటైల్ తోకలున్న నాఫ్తలిమైడ్ రంగులు ఈ పనికి దగ్గరగా వస్తాయి. రెండూ నీలి కాంతిని పీల్చి 500 నానోమీటర్ల ఎగువన వెలుగుతాయి, రెండూ నీటికంటె నూనెను బలంగా కోరుతాయి. నాఫ్తలిమైడ్‌లు వాహన నూనెల కోసం తయారై వస్తాయి కనుక ధర అందుబాటులో ఉంటుంది. కాని ‘లీకు గుర్తించే రంగు’ పేరుతో దొరికే సీసాలో రంగుతో పాటు దానిని మోసే ద్రావణి కూడా ఉంటుంది. ఆ ద్రావణి ఆకును మాడ్చవచ్చు, పిచికారీ బొట్ల పరిమాణాన్ని మార్చవచ్చు. పొడిగా కొని స్వయంగా కరిగించుకోవడమే సరైన మార్గం. నూనెలో కరిగే బ్రైటెనర్ ‘ఓబీ’ ద్రావణీయత పరంగా చక్కనిదే, కాని అది వెలిగేది నీలంలో. బ్రైటెనర్ లేని ఎమల్సిఫైయరును వాడినా ఆకు సొంత నీలంతో అది తలపడవలసి ఉంటుంది.

సమంగా కరిగిందని తేల్చుకోవడం

సీసాను అతినీలలోహిత దీపం కింద పెట్టి అంతా వెలుగుతున్నది కనుక కరిగిందనుకోవడం సరికాదు. అణుభారం 350, మోలార్ శోషణ గుణకం 50,000 ఉన్న రంగును లీటరుకు గ్రాము చొప్పున కలిపితే ఒక సెంటీమీటరు మందంలో శోషణాంకం 140 దాటుతుంది. వచ్చిన కాంతి అంతా సీసా అంచులోనే ఆగిపోతుంది; అంచు వెలుగుతుంది, మధ్యలో ఏముందో తెలియదు. అదే నూనె ఆకు మీద 10 మైక్రోమీటర్ల పొరగా పరచుకుంటే శోషణాంకం 0.14 మాత్రమే. సీసాలో అతిగా కనిపించే గాఢత ఆకు మీద సరిపోతుంది, సీసాలో అందంగా కనిపించే గాఢత ఆకు మీద చాలదు.

కరిగించేటప్పుడు నూనెను ముందుగా వడకట్టాలి. గానుగ వేప నూనెలో సొంత మడ్డి ఉంటుంది, తరువాత కనిపించే రేణువు రంగుదో నూనెదో తేలదు. రంగును కొద్ది నూనెలో 50-60 డిగ్రీల వద్ద బాగా కలిపి, చల్లార్చి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, ఆ తరువాత సన్నని వడపోతతో వడకట్టి, మిగిలిన నూనెలో కలపాలి. వడపోత మీద రంగు మిగిలితే అనుకున్న గాఢత అందలేదన్నమాట. అప్పుడు గాఢతను సగానికి తగ్గించి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు.

తరువాతి పరీక్ష ఎర్ర లేజర్ కిరణంతో. ఆకుపచ్చ-పసుపుగా వెలిగే రంగు ఎర్ర కాంతిని పీల్చదు కనుక, తేట ద్రావణంలో కిరణపు దారి కనిపించదు. రేణువులు ఉంటే ఎండలో ధూళిలా దారి మెరుస్తుంది. వేప నూనెలో మిగిలిన పత్రహరితం వల్ల కొంత ఎర్ర మెరుపు రావచ్చు, కాబట్టి రంగు వేయని నూనెను పక్కనే పెట్టి పోల్చాలి. సూక్ష్మదర్శిని ఉన్నచోట రెండు పోలరాయిడ్ పలకలను ఒకదానికొకటి అడ్డంగా తిప్పి, నడుమ నూనె చుక్కను చూస్తే, కరిగిన రంగు చీకటిగానూ స్ఫటికాలు మెరుస్తూనూ కనిపిస్తాయి.

అంకెల పరీక్షకు నూనెను 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 24 గంటలు నిలిపి, పై నుంచీ అడుగు నుంచీ ఒక్కొక్క గ్రాము తీయాలి. నూనె పిపెట్టు గోడలకు అతుక్కుంటుంది కనుక కొలవకుండా తూచడమే నమ్మకం. ఇథైల్ అసిటేటుతో మొదట 50 రెట్లు, ఆ పలుచన నుంచి మళ్లీ 100 రెట్లు, మొత్తం 5,000 రెట్లు పలుచన చేస్తే పై లెక్కలోని రంగు శోషణాంకం 0.03 దగ్గరకు వస్తుంది. ఆ స్థాయిలో వెలుగు గాఢతకు సరళ అనుపాతంలో ఉంటుంది. పై, అడుగు రీడింగుల తేడా పరికరపు సొంత తేడా కంటె మించితే రంగు సమంగా లేనట్లే. ఇదే పరీక్షను మంచు పెట్టెలో రాత్రంతా ఉంచిన నూనెతోనూ, 40 డిగ్రీల వద్ద ఉంచిన నూనెతోనూ చేయాలి.

రంగు నూనెను విడిచి పోతుందా అన్నది తేల్చడానికి రంగు నూనెను ట్యాంకులో వాడబోయే ఎమల్సిఫైయర్ నీటితోనే చిలకాలి, ఉత్త నీటితో కాదు. ఎమల్సిఫైయర్ అణువులు గుంపులుగా చేరి నూనెలో కరిగే రంగును సైతం నీటిలోకి మోసుకుపోగలవు. చిలికిన దానిని సెంట్రిఫ్యూజులో విడదీసి, కింది నీటిని కొలిస్తే ఎంత శాతం తప్పించుకున్నదో తెలుస్తుంది. ఉత్త నీటి పరీక్షలో నెగ్గిన కౌమరిన్‌లు కొన్ని ఇక్కడ ఓడిపోవడం వింత కాదు.

చెట్టు దగ్గర

రంగు నూనెలో సమంగా ఉన్నంత మాత్రాన నూనె ట్యాంకులో సమంగా ఉంటుందని కాదు. నూనె నీటికంటె తేలిక; చిలకడం ఆపితే పైకి తేలుతుంది. ట్యాంకు అడుగు నుంచి మందు తీసే స్ప్రేయరులో మొదటి చెట్టుకు పలుచనిది, చివరి చెట్టుకు చిక్కనిది పోతుంది. నూనెలో సరిగా కరిగిన రంగు ఈ లోపాన్ని కూడా బయటపెడుతుంది: పిచికారీ మొదట, నడుమ, చివర నాజిల్ నుంచి పట్టిన నమూనాలలో వెలుగు మారితే నూనె మారినట్లే. పెరటి చెట్లలో వేప నూనె ఒక చెట్టుపై పనిచేసి పక్క చెట్టుపై పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు.

పిచికారీ ఎండ తగ్గాక చేయాలి. అయినా రంగు ఎంత వెలిసిపోతుందో ముందే తెలుసుకోవాలి. తెలిసిన పరిమాణంలో రంగు నూనె పూసిన ఆకు ముక్కలను 15, 30, 60 నిమిషాలు ఎండలో ఉంచి, నీడలో ఉంచిన వాటితో పోల్చాలి. గంటలో గణనీయంగా తగ్గే రంగును వాడవలసి వస్తే ఆకులను వెంటనే కోసి నల్ల సంచిలో వేయాలి.

కోసిన రెబ్బలను చీకటి గదిలో 450 నానోమీటర్ల నీలి దీపంతో, పసుపు వడపోత గాజు గుండా చూడాలి. 395 నానోమీటర్ల చవక టార్చీలు కంటికి కనిపించే ఊదా కాంతిని కూడా వెదజల్లుతాయి; ఫొటోలో ఆ ఊదాయే ఎక్కువ పడుతుంది. మొబైల్ కెమెరా వెలుగును, వర్ణాన్ని తనంత తాను సరిచేసుకుంటుంది కనుక ఆ అమరికలను స్థిరంగా పెట్టకుండా తీసిన రెండు ఫొటోలను పోల్చడం వ్యర్థం.

రెబ్బ పైభాగాన్నీ అడుగు భాగాన్నీ వేరువేరుగా కొలవాలి. ఒక వైపును ఇథైల్ అసిటేటులో తడిపిన దూదితో తుడిచి, ఆ దూదిని తెలిసిన పరిమాణంలో ద్రావణిలో ఊరబెట్టి చదవాలి. తరువాత రెండవ వైపు. ఎంత రాబట్టగలమో తెలియడానికి అదే చెట్టు ఆకు మీద తూచిన రంగు నూనెను పూసి, గంట ఆగి, తుడిచి చూడాలి. మైనంలోకి ఇంకిన రంగు తిరిగి రాదు. రాబడి 90 శాతానికి తగ్గితే ద్రావణినో, తుడిచే తీరునో మార్చాలి.

ద్రావణులు వాడేచోట గాలి ఆడాలి, అతినీలలోహిత దీపం వాడేటప్పుడు కళ్లజోడు ఉండాలి. కృత్రిమ రంగు కొట్టిన చెట్టు నుంచి బొండాలు కోయకూడదు. పరీక్షకు కాపు లేని చెట్టునో, కోసి నిలబెట్టిన మట్టలనో ఎంచుకోవాలి. ఇరుకైన పెరళ్లలో పక్కింటి డాబా మీద ఆరబెట్టిన వడియాల మీద, బట్టల మీద పిచికారీ పడకుండా చూసుకోవలసినదీ, వాడిన మట్టలను పశువులకు అందకుండా పూడ్చిపెట్టవలసినదీ పరీక్ష చేసేవారే.